పైగదికి వైర్‌లెస్ బ్రిడ్జ్: పాత రూటర్‌తో ఎవరైనా పెట్టారా?

మల్కాజిగిరి_పైగది:
మాది జి ప్లస్ 2 ఇల్లు. ఫైబర్ కింద హాల్లోకి వచ్చింది. పైగదిలో డెస్క్‌టాప్, టీవీ, ప్రింటర్, కెమెరాల డీవీఆర్ ఉన్నాయి. స్లాబుకు కన్నం పెట్టడానికి ఓనర్ ఒప్పుకోవట్లేదు. పాత రూటర్ ఒకటి ఖాళీగా ఉంది. దాన్ని కింది వైఫై అందుకునే బ్రిడ్జ్‌గా మార్చి, దాని ల్యాన్ పోర్టులకే అన్నీ తగిలించాలని ఆలోచన.

తార్నాక_నెట్:
ముందు రూటర్ మెనూలో డబ్ల్యూడీఎస్ (రెండు రూటర్లను వైఫైతో కలిపే సదుపాయం) ఉందేమో చూడండి, అసలు కిటుకంతా అక్కడే. మామూలు క్లయింట్ మోడ్‌లో, అంటే పాత రూటర్ ఒక ఫోన్‌లా కింది వైఫైకి కలిసినప్పుడు, వైఫై ఫ్రేమ్‌లో (ఒక్కో డేటా పొట్లంలో) మూడు మ్యాక్ అడ్రస్‌లకే (పరికరాల గుర్తింపు నంబర్లకే) చోటు. వెనకున్న టీవీ, ప్రింటర్ అడ్రస్‌లు అందులో పట్టవు. డబ్ల్యూడీఎస్‌లో నాలుగోది చేరుతుంది కాబట్టి ప్రతిదీ కింది రూటర్‌కు విడిగా కనిపిస్తుంది. అయితే రెండు రూటర్లలోనూ ఆ సదుపాయం ఉండాలి. కంపెనీలు వేరైతే ఒక్కోసారి కలవవు.

పాత రూటర్‌లో డీహెచ్‌సీపీ (పరికరాలకు ఐపీ అడ్రస్‌లు పంచే సదుపాయం) ఆపేసి, ఐపీ 192.168.1.2 లాంటిది ఇవ్వండి. కిందిది 192.168.1.1 అయితేనే సుమా.

కూకట్‌పల్లి_వైఫై:
మా దాంట్లో డబ్ల్యూడీఎస్ లేదన్నా. విస్ప్ మోడ్‌లో (కింది వైఫైనే ఇంటర్నెట్ లైనుగా వాడుకునే పద్ధతిలో) నెట్ బాగానే వచ్చింది, కానీ పైన వేరే సబ్‌నెట్ (విడి నెట్‌వర్క్), మధ్యలో నాట్ (అడ్రస్‌లు మార్చే ఏర్పాటు). కింది ల్యాప్‌టాప్‌కు పై ప్రింటర్ కనిపించేది కాదు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రూటర్‌లో వేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్) వేసి, అందులో రిలేడీ (రెండు వైపులనూ కలిపే ప్రోగ్రామ్) పెట్టాక ఒకే సబ్‌నెట్‌లోకి వచ్చాయి. ప్రింటర్‌ను మాత్రం ఐపీ కొట్టి కలపాల్సి వచ్చింది. మీ మోడల్‌కు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఉందో లేదో చూసుకున్నాకే మొదలుపెట్టండి.

సైనిక్‌పురి_వాసి:
సెట్టింగుల కంటే రూటర్ ఎక్కడ పెట్టామన్నదే ముఖ్యం అంటాను. స్లాబులో ఇనుప చువ్వలుంటాయి, 5 గిగాహెర్ట్జ్ వైఫై అక్కడే చచ్చిపోతుంది. మా ఇంట్లో బ్రిడ్జ్‌ను మెట్ల మలుపులో, కింది రూటర్ నేరుగా కనిపించే చోట గోడకు బిగించాం. అక్కడి నుంచి గదిలోకి మామూలు ల్యాన్ కేబుల్, చివర ఒక చిన్న స్విచ్. ఛానెల్ ఆటోలో వదలొద్దు. 52 నుంచి 64 దాకా ఉన్నవాటిలో రాడార్ సిగ్నల్ పసిగడితే రూటర్ ఛానెల్ మార్చేస్తుంది, బ్రిడ్జ్ తెగుతుంది. 36కో 44కో కట్టేయండి.

మల్కాజిగిరి_పైగది:
థాంక్స్ అండీ. రెండింట్లోనూ డబ్ల్యూడీఎస్ ఉంది. మెట్ల మలుపులో పెట్టి చూశాను, ప్రింటర్ కింద నుంచి కూడా దొరుకుతోంది! డీవీఆర్ వల్ల బ్రిడ్జ్ మీద లోడ్ పడుతుందా?

తార్నాక_నెట్:
కెమెరాల వైర్లు నేరుగా డీవీఆర్‌కే వెళ్తుంటే రికార్డింగ్ అంతా అక్కడే జరుగుతుంది. ఫోన్‌లో చూసినప్పుడే బ్రిడ్జ్ మీదుగా వస్తుంది. రెండు రూటర్లనూ ఇన్వర్టర్ లైన్ మీద పెట్టండి, ఒకటి ఆగినా లింకు పోతుంది.