మా వీధి చివర పెద్ద మాల్ వస్తోంది, దగ్గర్లో ఉన్నవాళ్లు అనుభవం చెప్పండి

మా ఇంటికి నాలుగడుగుల దూరంలో భారీ షాపింగ్ మాల్ కట్టబోతున్నారు. స్థలాల ధరలు పెరుగుతాయని చుట్టుపక్కలవాళ్లంతా సంబరపడుతున్నారు. అమ్ముకునేవాళ్లకు సరే, ఉండిపోయేవాళ్ల సంగతేంటి?

నా అసలు భయం సెల్లార్ల గురించి. పార్కింగ్ కోసం మూడు అంతస్తులు కిందికి తవ్వుతారట. తవ్వినంతకాలం ఊటనీళ్లు మోటార్లతో తోడుతూనే ఉండాలి కదా. అలా తోడితే చుట్టుపక్కల భూగర్భజలం దిగిపోతుందని, నేల కుంగి పాత గోడలు పగుళ్లివ్వొచ్చని చదివాను. మాది పాత ఇల్లు, పునాది కూడా అంత లోతు లేదు. పని మొదలవకముందే గోడలన్నీ తేదీతో సహా ఫొటోలు తీసి పెట్టుకుంటే తర్వాత పరిహారం అడగడానికి పనికొస్తాయా? లేక ఇంజనీరు చేత రిపోర్టు రాయించుకోవాలా?

ట్రాఫిక్, జనరేటర్ల మోత ఎలాగూ తప్పవు. సరుకు లారీలు మాత్రం అర్ధరాత్రి మా సందులోంచి రాకుండా అనుమతి ఇచ్చేటప్పుడే షరతు పెట్టించవచ్చా?

ఇంకోటి. 1956లో అమెరికాలో తెరిచిన సౌత్‌డేల్ మాల్‌ని డిజైన్ చేసిన విక్టర్ గ్రూయెన్, చుట్టూ ఇళ్లు, పార్కు, బడి కూడా ఉండాలనుకున్నాడట; చివరికి మాల్ చుట్టూ మిగిలింది పార్కింగే. మాకూ పార్కు ఆశ చూపిస్తున్నారు. అది కాగితం మీద ఎక్కడ రాసుండాలి?