అంతర్వేది దగ్గర కొబ్బరితోటలో రిసార్ట్: పంచాయతీ అనుమతి ఒక్కటీ సరిపోతుందా?

పద్మజ_కోనసీమ:

నమస్కారమండి. సఖినేటిపల్లి మండలంలో, అంతర్వేదికి కాస్త ఇవతల మా నాన్నగారికి 60 సెంట్ల కొబ్బరితోట ఉంది. అందులో మా తాతగారు కట్టించిన పెంకుటిల్లు ఉంది. అమ్మా నాన్నా అక్కడే ఉంటున్నారు. ఇంటిపన్ను తాతగారి కాలం నుంచీ కడుతున్నాం.

ఒక బిల్డర్ వచ్చి, పెంకుటిల్లు తీసేసి మూడంతస్తుల రిసార్ట్ కడదాం, స్విమ్మింగ్ పూల్ పెడదాం, లాభం చెరిసగం అంటున్నాడు. తోట తనఖా పెట్టి లోను మాత్రం నాన్న పేరు మీదే తీసుకోవాలట. "పంచాయతీ నుంచి ప్లాన్ అప్రూవల్ తెస్తాం, ఇంకేమీ అక్కర్లేదు" అని అతని మాట. వెంట వచ్చిన బ్రోకర్ అలలు తాకే చోటి నుంచి టేపు పట్టి మా హద్దు దాకా 170 మీటర్లు వచ్చిందని చెప్పాడు.

ఎవరిని అడిగినా సీఆర్‌జెడ్ అన్న మాట ఎత్తుతున్నారు, అది మాకు ఎలా వర్తిస్తుందో మాత్రం ఎవరూ చెప్పడం లేదు. నాన్న సంతకం పెట్టేస్తారేమోనని నాకు టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

రవి_భీమవరం:

మరీ అంత కంగారు పడక్కర్లేదండి. మా బంధువులు సముద్రానికి ఇంకా దగ్గరలో గదులు కట్టి అద్దెకిస్తున్నారు, ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు. మీ చుట్టుపక్కల రొయ్యల చెరువులు ఎన్ని లేవు? వాటికి లేని రూలు మీ ఎనిమిది పది గదులకు వస్తుందా? పంచాయతీ కాగితం ఉంటే చాలు.

మూర్తి_ప్లానింగ్:

పద్మజ గారూ, ముందు నాన్నగారిని సంతకం ఆపమనండి. నేను కాకినాడలో ఇళ్లకు, హోటళ్లకు ప్లాన్లు గీస్తాను. తీరం వెంట కట్టడాల పని చాలా ఏళ్లుగా చూస్తున్నాను. మీరు చెప్పినదాన్ని బట్టి ఆ బిల్డర్ ప్రతిపాదన చట్టం ముందు నిలబడదు.

సీఆర్‌జెడ్ అంటే తీర నియంత్రణ మండలం. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద కేంద్రం మొదటిసారి 1991 ఫిబ్రవరిలో దీని నోటిఫికేషన్ ఇచ్చింది. తర్వాత 2011 జనవరిలో ఒకటి, 2019 జనవరిలో ఇంకొకటి వచ్చాయి. సముద్రపు పోటు గరిష్ఠంగా వచ్చినప్పుడు నీళ్లు ఎక్కడిదాకా ఎక్కుతాయో ఆ గీతను హెచ్‌టీఎల్ అంటారు. అక్కడి నుంచి భూమి వైపు 500 మీటర్ల వరకు ఈ నిబంధనలు నడుస్తాయి. గోదావరి పాయలు, ఉప్పుటేళ్ల ఒడ్డున కూడా నడుస్తాయి. మీ తోట పక్కన కాలువ ఉంటే, వేసవిలో అందులోకి ఉప్పునీరు ఎంతదాకా వస్తుందో కూడా చూడాలి.

మీ బ్రోకర్ కొలత ఇక్కడే తేడా కొట్టింది. అలలు తాకే చోటు హెచ్‌టీఎల్ కాదు. అతను ఆటు సమయంలో టేపు పట్టి ఉంటే అసలు దూరం 170 కంటే ఇంకా తగ్గుతుంది. ఆ గీతను కేంద్రం గుర్తించిన సంస్థలే గుర్తిస్తాయి. చెన్నైలోని జాతీయ సుస్థిర తీర నిర్వహణ కేంద్రం వాటిలో ఒకటి. ఊళ్లో సర్వేయర్ గీసింది చెల్లదు.

పల్లె ప్రాంతాలు తీర మండలాల్లో మూడోదాంట్లోకి (సీఆర్‌జెడ్-3) వస్తాయి. 2011 నోటిఫికేషన్ ప్రకారం అక్కడ హెచ్‌టీఎల్ నుంచి 200 మీటర్ల దాకా కొత్త కట్టడం కూడదు. 2019లో దీన్ని రెండుగా విడదీశారు. 2011 జనాభా లెక్కల ప్రకారం చదరపు కిలోమీటరుకు 2161 మందికి మించి ఉన్న చోట 50 మీటర్లు, మిగతా చోట్ల మళ్లీ 200 మీటర్లే. "ఇప్పుడు 50 మీటర్లే కదా" అని బ్రోకర్లు చెప్పుకు తిరుగుతున్నది ఆ మొదటి రకం గురించి. 2161 అంటే ఎకరాకు దాదాపు తొమ్మిది మంది. కొబ్బరితోటలు, చేలు ఉన్న ఊళ్లో ఆ లెక్క తేలడం కష్టం. పైగా 2019 నిబంధనలకు తగ్గట్టు మీ జిల్లా తీర మండల పటం తయారై, ఆమోదం పొందితేనే ఆ సడలింపులు వస్తాయి. అప్పటిదాకా 2011 నిబంధనలే అమల్లో ఉంటాయి.

సరే, తోటలో కొంత భాగం 200 మీటర్లు దాటి ఉందనుకుందాం. అయినా రిసార్ట్ కుదరదు. తీరంలో రిసార్టులకు, హోటళ్లకు ప్రత్యేక షరతులున్నాయి. స్థలం కనీసం 0.4 హెక్టార్లు, అంటే దాదాపు ఎకరం ఉండాలి. మీది 60 సెంట్లు. అన్ని అంతస్తులూ కలిపి కట్టడం స్థలంలో 33 శాతం మించకూడదు. ఎత్తు 9 మీటర్లు, అంతస్తులు రెండే. ఆ బిల్డర్ మూడంతస్తులు అంటున్నాడంటే ఈ షరతులు చదవకపోయి ఉండాలి, లేదా తెలిసీ మీకు చెప్పకపోయి ఉండాలి. లోను నాన్నగారి పేరు మీద ఎందుకు అడుగుతున్నాడో ఆలోచించండి.

రవి గారూ, పంచాయతీ కాగితం సంగతి కొచ్చిలో మరడు ఫ్లాట్లవాళ్లను అడగండి. అక్కడ 2006లో అనుమతులిచ్చింది మరడు పంచాయతీయే. తీర మండల సంస్థ అనుమతి మాత్రం లేదు. 2019 మేలో సుప్రీంకోర్టు కూల్చేయమంది. 2020 జనవరి 11, 12 తేదీల్లో పేలుడు పదార్థాలు పెట్టి నాలుగు సముదాయాలనూ నేలమట్టం చేశారు. మూడు వందలకు పైగా ఫ్లాట్లు పోయాయి. యజమానులకు మధ్యంతర పరిహారం తలా 25 లక్షలు ఇమ్మంది కోర్టు. జీవితమంతా కూడబెట్టి కొనుక్కున్నవాళ్లు, ఏ తప్పూ చేయనివాళ్లు వీధిన పడ్డారు. కాగితం ఇచ్చిన పంచాయతీ వాళ్లను కాపాడలేకపోయింది.

రొయ్యల చెరువుల పోలిక కూడా ఇక్కడ పనికిరాదండి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర మండలంలోని రొయ్యల చెరువులు తీసేయమంది. తర్వాత 2005లో వాటికోసం వేరే చట్టం, వేరే అథారిటీ వచ్చాయి. 2023లో ఆ చట్టాన్ని సవరించి మరింత వెసులుబాటు ఇచ్చారు. చెరువుకు దొరికిన ఆ వెసులుబాటు హోటల్‌కు రాదు.

పద్మజ_కోనసీమ:

మూర్తి గారూ, చాలా థాంక్సండి. మీ జవాబు నాన్నకు చదివి వినిపించాను. ఆయన ముఖ్యంగా అడిగింది ఒకటే: "మరి మన ఇల్లు కూడా తప్పేనా? రేపు వచ్చి దీన్నీ తీసేయమంటారా?" తన చిన్నప్పుడు సముద్రం ఇంకా చాలా దూరంలో ఉండేదట. ఇంకో మాట, అక్కడ ఏదో ఒక ఆదాయం ఉండకపోతే వాళ్లను ఆ ఊళ్లో ఉంచడం మాకు కష్టమవుతోంది.

సత్తిబాబు_మత్స్యకారుడు:

అక్కా, మాది సముద్రం ఒడ్డు ఊరే. పెద్ద కట్టడం వస్తే మొదట పోయేది మా దారి. పడవలు లాక్కునే చోటు, వలలు ఆరబెట్టే చోటు ఎవరి పట్టాలోనూ రాసి ఉండవు. కంచె వేసేదాకా ఎవరికీ గుర్తు రావు. మా పక్క ఊళ్లో ఒక గెస్ట్‌హౌస్ వచ్చాక ఆడవాళ్లు చేపల గంపలతో చుట్టూ తిరిగి రోడ్డెక్కాల్సి వస్తోంది.

ఇది చట్టంలో కూడా ఉంది, మా సంఘం మీటింగులో ఒక లాయరు గారు చదివి చెప్పారు. రెండు రిసార్టుల మధ్య జనం ఒడ్డుకు వెళ్లడానికి కనీసం 20 మీటర్ల వెడల్పు దారి వదలాలి. మత్స్యకార గ్రామాలు, చేపలు ఎండబెట్టే చోట్లు తీర మండల పటంలో చూపించాలి. ఈ తీర నిబంధనల అమలు చూడటానికి కలెక్టరు గారు పెద్దగా ఉండే జిల్లా కమిటీలో మావంటి వాళ్లు కనీసం ముగ్గురు ఉండాలి. అన్నిటికంటే నేను చెప్పేది ఇసుక దిబ్బల గురించి. బిల్డర్లు వచ్చీ రాగానే జేసీబీతో చదును చేస్తారు. 1996 తుఫాను చూసిన మా పెద్దవాళ్లు దిబ్బ మీద చెయ్యి వేయనివ్వరు. మీ నాన్నగారికి కూడా ఆ రాత్రి గుర్తుండే ఉంటుంది. దిబ్బ, దాని మీది చెట్లు అలాగే ఉంచండి అక్కా.

మూర్తి_ప్లానింగ్:

సత్తిబాబు గారు చెప్పింది నిజం. ఇసుక దిబ్బలు, మడ అడవులు, తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లు అన్నిటికంటే కఠినమైన మొదటి తీర మండలంలోకి (సీఆర్‌జెడ్-1) వస్తాయి. మీ తీరానికి ఇంకో ప్రత్యేకత ఉంది. తూర్పు గోదావరి, కృష్ణా తీరాలను నోటిఫికేషన్‌లోనే ప్రమాదం ఎక్కువగా ఉన్న తీర ప్రాంతాల జాబితాలో పెట్టారు. బెంగాల్‌లోని సుందర్బన్స్, కేరళలోని వెంబనాడ్ కూడా అదే జాబితాలో ఉన్నాయి.

ఇంటి గురించి నాన్నగారిని ధైర్యంగా ఉండమనండి. కట్టడం కూడని 200 మీటర్ల లోపల కూడా, అనుమతి ఉన్న పాత ఇంటికి మరమ్మతు చేసుకోవచ్చు, పునాది విస్తీర్ణం పెంచకుండా తిరిగి కట్టుకోవచ్చు. అందుకే ఆ ఇంటిపన్ను రసీదులు, పాత పంచాయతీ కాగితాలు ఒక్కటీ పారేయకండి. ఇల్లు ఎప్పటి నుంచి ఉందో నిరూపించడానికి మొదట అడిగేవి అవే. దాన్ని పడగొట్టి రిసార్ట్ మొదలుపెడితే మాత్రం, ఇప్పుడున్న హక్కును మీ చేతులారా వదులుకున్నట్టే.

ఆదాయానికి దారి ఉంది. మీ జిల్లాకు 2019 పటం ఆమోదం పొంది ఉంటే, 2019 నోటిఫికేషన్ ప్రకారం స్థానికులు తమ పాత ఇళ్లలో హోమ్‌స్టే నడుపుకోవచ్చు. ఇంటి విస్తీర్ణం, రూపురేఖలు మార్చకూడదు, అంతే. పెంకుటిల్లు, కొబ్బరితోట, అమ్మగారి చేతివంట. అంతర్వేది తీర్థానికి వచ్చేవాళ్లకు ఇంకేం కావాలి? కొత్త బోరు మాత్రం వేయకండి. హెచ్‌టీఎల్ నుంచి 200 మీటర్ల లోపల, స్థానికుల సొంత వాడకానికి తప్ప, భూగర్భజలం తోడటం నిషేధం. వేసినా ఉప్పునీరే పైకి లాగి తోట పాడవుతుంది.

ఈ వారం చేయాల్సిన పని ఒకటుంది. తహసీల్దారు ఆఫీసులో మీ సర్వే నంబరుకు ఎఫ్‌ఎంబీ స్కెచ్ (స్థలం హద్దులు, కొలతలు చూపే పటం) తీసుకోండి. దాన్ని జతచేసి, రాష్ట్ర తీర మండల నిర్వహణ సంస్థకు సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. మూడు ప్రశ్నలు చాలు: మా జిల్లాకు ఇప్పుడు అమల్లో ఉన్న ఆమోదిత పటం 2011దా, 2019దా? ఈ సర్వే నంబరు ఏ సీఆర్‌జెడ్ మండలంలోకి వస్తుంది? ఇందులో హెచ్‌టీఎల్, 200 మీటర్లు, 500 మీటర్ల గీతలు ఎక్కడ పోతాయి? జవాబు వచ్చాక స్కెచ్, పటం ఇక్కడ పెట్టండి. పేర్లు, సర్వే నంబరు మాత్రం కనిపించకుండా కొట్టేయండి. రెండూ పక్కపక్కన పెట్టి ఎలా చదవాలో నేను గీసి చూపిస్తాను.