పద్మిని డోర్ ప్యానెళ్లు: పాత రెక్సిన్ నిలుస్తుందా, మార్చేయాలా?

విజయవాడ_ఫియట్:
మా నాన్నగారి 1986 ప్రీమియర్ పద్మిని కారు. ఇంజను పని అయింది, ఇప్పుడు లోపలి పని పట్టుకున్నాను. డోర్ల మీది ఎర్ర రెక్సిన్ వెలిసిపోయి, చెయ్యి పెడితే జిగురుగా అంటుకుంటోంది. ముందు డోర్లకు కింది అంచున రెక్సిన్ వెనకాలి అట్ట ఉబ్బి రెక్సిన్ లేచిపోయింది. కుషన్ పనివాళ్లేమో "పీకేసి కొత్తది వేసేద్దాం సార్" అంటున్నారు. రెక్సిన్ మీదున్న గీతల డిజైను పోతుందని నా బాధ. ఏం చేయమంటారు?

పాతఇనుము:
పీకనివ్వకండి! మీవి కుట్టు లేకుండా వేడితో అద్దిన గీతలైతే మామూలు కుషన్ షాపులో అవి మళ్లీ రావు, మిషన్ కుట్టు వేసి అదే ఇదంటారు. ఆ జిగురు సగం ఏళ్ల తరబడి కొట్టిన పాలిష్, సగం రెక్సిన్‌ను మెత్తగా ఉంచడానికి పీవీసీలో కలిపే నూనెలాంటి పదార్థం పైకి ఊరడం. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలేసి మెత్తని బ్రష్‌తో రుద్దండి. థిన్నర్ మాత్రం వద్దు, పై పొర కరిగిపోతుంది (నా అంబాసిడర్‌లో ఒక డోర్ అలాగే పోగొట్టుకున్నాను). గట్టిపడి పగిలిన చోట మాత్రం ఏ పాలిష్ కొట్టినా మళ్లీ మెత్తబడదు.

గోదారి_గ్యారేజ్:
అసలు రోగం అట్టది కాదండీ, నీళ్లది. అద్దం పక్క నుంచి డోర్‌లోకి వాన నీళ్లు ఎలాగూ దిగుతాయి, అడుగున ఉన్న చిల్లుల్లోంచి పోవాలి. అవి మట్టితో పూడుకుపోయి, ప్యానెల్ వెనక పాలిథిన్ షీటు కూడా లేకపోతే ఆ తడంతా అట్టే తాగుతుంది. హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చబెడుతూ రెక్సిన్‌ను నిదానంగా ఒలవండి, పాత అట్టను అచ్చుగా పెట్టుకుని అంతే మందం హార్డ్‌బోర్డ్ కోయించి, ఆ బోర్డు చిల్లుల అంచులతో సహా రెండు వైపులా వార్నిష్ కొట్టండి. ఫెవికాల్ ఎస్ఆర్ (రబ్బరు జిగురు) బోర్డుకూ రెక్సిన్‌కూ పూసి, వేలికి అంటనంత ఆరాకే అతికించాలి, ఒకసారి పట్టుకుందంటే జరపలేరు.

ఎర్రరంగు_ప్రేమి:
రోజూ తిప్పే బండైతే కొత్త రెక్సినే నయం, నా మాట ఇది. పాతదే ఉంచుతానంటే వినైల్‌కని (అంటే ఈ రెక్సిన్‌కే) అమ్మే రంగు స్ప్రే పల్చగా మూడు నాలుగు సార్లు కొట్టండి. సిలికాన్ పాలిష్ ఏమాత్రం మిగిలినా రంగు పట్టదు. ముందుగా ఆర్మ్‌రెస్ట్ కింద కొట్టి చూడండి.

విజయవాడ_ఫియట్:
నిన్న ఒక డోర్ విప్పాను. పాలిథిన్ షీటు ఆనవాలే లేదు, చిల్లుల్లోంచి పిడికెడు మట్టి వచ్చింది. సబ్బు నీళ్లకే అసలు ఎరుపు బయటపడింది, వెనక డోర్లకు రంగు అక్కర్లేదనుకుంటా. ముందువాటికి అట్ట కోయిస్తున్నాను.