శీతనిద్రలో కాలేయం చక్కెరను ఎలా నడుపుతుంది? మేక కార్జంతో ఎంతవరకు చూపించగలం?

గుణుపురం, రాయగడ జిల్లా: డిగ్రీ పిల్లల ప్రాక్టికల్ కోసం అడుగుతున్నానండి. శీతనిద్రలో నేల ఉడత ఒళ్లు 37 డిగ్రీల నుంచి 5 దాకా దిగిపోతుంది, నెలల తరబడి మేత ఉండదు. అయినా రక్తంలో చక్కెర అడుగంటదు. కాలేయంలో ఏ ఎంజైములు తగ్గుతాయి, ఏవి పెరుగుతాయి? మన కొండల ఎలుగుబంటి శీతనిద్రకు పోదు కదా, సంతలో దొరికే మేక కార్జమే దిక్కు. మా దగ్గర కలరీమీటరు (ద్రవం రంగు ఎంత చిక్కగా ఉందో కొలిచే పరికరం) ఒక్కటే ఉంది.

పర్లాకిమిడి: చక్కెరను కాల్చే దారి మూసి, కొవ్వు దారి తెరుస్తుంది. పీడీకే4 అనే కైనేజ్ (ఫాస్ఫేటు తగిలించే ఎంజైము) పెరిగి, చక్కెర నుంచి వచ్చే పైరువేట్‌ను కాల్చే దారిలోకి పంపే పైరువేట్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైముకు ఫాస్ఫేటు తగిలించి ఆపేస్తుంది. అప్పటినుంచి పైరువేట్ ఆ దారిన అసిటైల్ కోఎగా మారదు. శ్వాస భాగఫలం (వదిలిన కార్బన్ డయాక్సైడును వాడిన ఆక్సిజన్‌తో భాగిస్తే వచ్చేది) 0.7 దగ్గరికి రావడం కొవ్వు మండుతోందనడానికి గుర్తు. మిగిల్చిన గ్లూకోజు మెదడుకూ ఎర్ర రక్తకణాలకూ. కొవ్వు కరిగినప్పుడు వచ్చే గ్లిసరాల్‌ను వాడుకునే గ్లిసరాల్ కైనేజ్ కాలేయంలో ఉంది. దాన్నుంచి కొత్త గ్లూకోజు తయారవుతుంది, చివరి మెట్టు గ్లూకోజు-6-ఫాస్ఫటేజ్, అంటే గ్లూకోజు-6-ఫాస్ఫేట్ నుంచి ఫాస్ఫేటును తెంచి గ్లూకోజును వదిలే ఎంజైము. పిల్లలకు గట్టిగా చెప్పండి: చలికి ఎంజైము మందగించడం వేరు, శరీరమే స్విచ్ వేసి ఆపడం వేరు. మేక కార్జం మొదటిదే చూపిస్తుంది.

సిరోంచ: గ్లూకోజుకు ఫాస్ఫేటు తగిలించే గ్లూకోకైనేజ్ జోలికి పోకండి, నెమరువేసే జంతువుల కాలేయంలో అది దాదాపు ఉండదు. గ్లూకోజు-6-ఫాస్ఫటేజ్ మాత్రం పుష్కలం, ఎందుకంటే మేక కడుపు పిండిపదార్థాన్ని పులియబెట్టేస్తుంది, గ్లూకోజంతా కాలేయమే తయారు చేసుకోవాలి.

కోసిన వెంటనే కార్జాన్ని మంచులో పెట్టించండి. 1 గ్రాముకు చల్లటి 0.25 మోలార్ సుక్రోజు 19 మి.లీ. పోసి నూరి, గుడ్డలో వడగట్టండి. ట్యూబులో 0.1 మోలార్ మాలియేట్ బఫర్ (పీహెచ్ 6.5) 0.3 మి.లీ., 0.1 మోలార్ గ్లూకోజు-6-ఫాస్ఫేట్ 0.1 మి.లీ., చివర్లో కార్జపు ద్రవం 0.1 మి.లీ. 37 డిగ్రీల దగ్గర 15 నిమిషాలుంచి, 10 శాతం ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లం 1 మి.లీ. పోసి ఆపండి. సెంట్రిఫ్యూజ్ చేసి పైనీరు తీసి, ఎంజైము తెంచిన ఫాస్ఫేటును ఫిస్కె–సుబ్బారావు రంగు పద్ధతిలో కొలవండి, 660 నానోమీటర్ల ఫిల్టరుతో. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1925లో ఫిస్కెతో కలిసి ప్రచురించిన పద్ధతి ఇది. ఇప్పటికీ వాడుతున్నారని పిల్లలకు తప్పక చెప్పండి.

బ్లాంకు ట్యూబులో (ఎంజైము పని లేకుండా పోల్చి చూసే ట్యూబు) ముందు ఆమ్లం, తర్వాత కార్జం. సబ్బుపొడిలోని ఫాస్ఫేటు రీడింగు పెంచేస్తుంది, గాజు సామాను పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడగండి.

గుణుపురం: ఉడత చలిని చూపించడానికి పెట్టే 5 డిగ్రీల ట్యూబు కూడా 15 నిమిషాలేనా?

సిరోంచ: చాలదండి. పది డిగ్రీలకు వేగం రెండు రెట్లు మారితే 32 డిగ్రీల తేడాకు సుమారు 9 రెట్లు, రెండున్నర రెట్లయితే 19 రెట్లు తగ్గుతుంది. రీడింగు బ్లాంకులో కలిసిపోతుంది. థర్మోకోల్ పెట్టెలో మంచునీళ్లు పెట్టి 60 నిమిషాలుంచి, నిమిషానికి ఎంతో లెక్కకట్టండి. కార్జం వేయకముందే బఫరున్న ట్యూబు 5 డిగ్రీలకు చల్లబడాలి, లేకపోతే మొదటి నిమిషాల వేడే రీడింగు పెంచేస్తుంది.

పర్లాకిమిడి: ఇంకొక కంట్రోలు పెట్టండి: కార్జపు ద్రవాన్ని పీహెచ్ 5 దగ్గర, 37 డిగ్రీల్లో 10 నిమిషాలుంచితే గ్లూకోజు-6-ఫాస్ఫటేజ్ చచ్చిపోతుంది. తర్వాత కూడా ఫాస్ఫేటు వస్తే అది వేరే ఫాస్ఫటేజ్‌ల పని, ఆ మేరకు తీసేయండి.