ఎల్క్ వేటకి ఏ తుపాకి? మావయ్య ఒకటంటాడు, ఫ్రెండు ఒకటంటాడు

రాజోలు కుర్రోడు:
అందరికీ నమస్కారమండి. కొలరాడోలో ఉద్యోగం. తాతయ్యకి ఒంట్లో బాగోలేదంటే మూడు వారాల సెలవు పెట్టి రాజోలు దగ్గర మా ఊరొచ్చాను. తిరిగి వెళ్ళాక అక్టోబరులో మొదటిసారి ఎల్క్ వేట. ఎల్క్ అంటే మన కణుజు లాంటిదే, ఇంకా పెద్దది. మగది 300 కిలోల దాకా తూగుతుంది. హంటర్ ఎడ్యుకేషన్ క్లాసు అయిపోయింది. తుపాకి దగ్గరే ఆగిపోయాను.

ఆఫీసు ఫ్రెండు 300 విన్‌చెస్టర్ మాగ్నమ్ అనే పెద్ద తూటా తుపాకి తప్ప ఇంకోటి ముట్టుకోవద్దంటాడు. రేంజిలో అతని తుపాకి నాలుగుసార్లు కాల్చాను. మూడోసారి నుంచీ అది వెనక్కి తన్నే దెబ్బకి జడిసి ట్రిగ్గర్ నొక్కకముందే కళ్ళు మూసుకుపోతున్నాయి. 100 గజాల్లో పెట్టిన పేపరు ప్లేటుకి ఒక్కటే తగిలింది. వాళ్ళావిడ 270, అంటే అంతకన్నా చిన్న తూటా తుపాకి, ఇచ్చి కాల్చమంటే ఐదుకి ఐదూ ప్లేటులోనే. కానీ చిన్నదానితో కొట్టి, గాయపడ్డ జంతువుని అడవిలో వదిలేస్తానేమోనని టెన్షన్.

ఇక్కడ అరుగు మీద దీనిపై పెద్ద పంచాయితీ. రొయ్యల చెరువులున్న మావయ్య "ఏరేటర్ మోటారైనా తుపాకైనా ఒక సైజు ఎక్కువే కొనాలి" అన్నాడు. తాతయ్య వయసులో ఉండగా, 1972 వన్యప్రాణి రక్షణ చట్టం రాకముందు, రెండు గొట్టాల పన్నెండు బోరుతో కొల్లేరులో నీటిబాతుల్ని కొట్టేవాడు. అంతా విని "ఎంత దూరం నుంచి కొడతావురా?" అని ఒక్కటే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఇవన్నీ ఎందుకు, విల్లు కొనుక్కుందామా అని కూడా ఉంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

అంతర్వేది గాలి:
చికెన్ దొరకదా బాబూ అక్కడ?

పాలకొల్లు పెద్దబ్బాయి:
మీ తాతగారు అడగాల్సిందే అడిగారండి. నేను కొలరాడోలో ఏడు సీజన్లు తిరిగి, ఇప్పుడు ఇక్కడ చెరువుల మీద పడ్డాను.

అక్కడి రూలు ప్రకారం ఎల్క్‌కి గుండు వెడల్పు కనీసం 6 మిల్లీమీటర్లు, బరువు 85 గ్రెయిన్లు ఉండాలి. అంటే అయిదున్నర గ్రాములు. తగలగానే విచ్చుకునే రకమై ఉండాలి, 100 గజాల దగ్గర గుండుకి 1000 ఫుట్‌పౌండ్ల శక్తి మిగలాలి. 270లో 130, 150 గ్రెయిన్ల గుళ్ళు ఈ లెక్క సునాయాసంగా దాటేస్తాయి. 1925 నుంచీ ఉన్న తూటా అది, కొత్తగా నిరూపించుకోవాల్సిందేం లేదు. డబ్బు పెట్టాలంటే మంచి గుండు మీద పెట్టండి, ఎముక తగిలినా ముక్కలవకుండా లోపలికి దిగేదాని మీద.

నేను రెండో సీజన్లో మాగ్నమే కొన్నాను. ఒక సాయంత్రం 350 గజాల నుంచి కొట్టేశాను. తుపాకికి ఆ దూరం లెక్కే కాదు, నాకే ఎక్కువ. గుండు జంతువు వెనక భాగానికి తగిలింది. చీకటి పడేదాకా నెత్తుటి చుక్కలు పట్టుకుని నడిచాం, మర్నాడు మధ్యాహ్నం దాకా వెతికాం. దొరకలేదు. ఇంటికొచ్చి ఆ తుపాకి అమ్మేసి, అంతకన్నా తక్కువ తన్నే 30-06 తీసుకున్నాను. 200 గజాలు దాటితే కాల్చనని ఒట్టు పెట్టుకున్నాను. జంతువు పక్కకి తిరిగి నిలబడాలి, గుండు ముందుకాలి భుజం వెనక, ఊపిరితిత్తుల్లోకి పోవాలి. తోక చూపిస్తుంటే దణ్ణం పెట్టి వదిలేయడమే.

కళ్ళు మూసుకుపోవడానికి మందుంది. మీ ఫ్రెండుని తూటాల మధ్య మీకు తెలియకుండా ఒక ఉత్తుత్తి తూటా పెట్టమనండి. అది క్లిక్కుమన్నప్పుడు గొట్టం కిందికి ఊగిందంటే మీరు జంకుతున్నట్టే. టేబుల్ మీద ఆనించి కాదు, మోకాలి మీద కూర్చుని కాల్చండి. ఇంకోటి, మనం సముద్రమట్టం మనుషులం. అక్కడ 3,000 మీటర్ల ఎత్తులో గుట్టెక్కి తుపాకి ఎత్తితే గుండె దడకి గొట్టం నిలవదు. ముందు ఊపిరి సర్దుకోనివ్వాలి.

విల్లు ఈ ఏడాదికి వద్దు. 35 పౌండ్ల లాగుడుంటే చట్టం ఒప్పుకుంటుంది గానీ 30 గజాల దాకా నక్కి వెళ్ళడానికి ఏళ్ళ సాధన కావాలి.

కాకినాడ ప్లీడరు:
హెచ్1బీ మీద ఉంటే ముందు ఇది చూసుకోండి. ఇమ్మిగ్రెంటు కాని వీసావాళ్ళు అమెరికాలో తుపాకి పట్టుకోవడమే ఫెడరల్ నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు ఉంటే మినహాయింపు. ఫ్రెండు తుపాకి అరువు తీసుకున్నా ఇదే రూలు, కాబట్టి లైసెన్సు ముందు, తుపాకి తర్వాత. ఆ ముచ్చట ఇక్కడ తీర్చుకుందామనుకోకండి, కొల్లేరు ఇప్పుడు అభయారణ్యం.

రాజోలు కుర్రోడు:
అందరికీ థాంక్సండి. హెచ్1బీయే. రేంజికి వెళ్ళేటప్పటికే లైసెన్సు జేబులో ఉంది, బతికిపోయాను. అంతర్వేది గారూ, చికెన్ దొరుకుతుంది, కానీ ఇంట్లో మా ఇద్దరికీ ఏడాది పొడుగునా ఈ మాంసమే తినాలని ఉంది.

270 ఖాయం. 150 గజాలు దాటితే కాల్చను. తాతయ్యకి చదివి వినిపించాను. మాంసం ఎంతొస్తుందన్నాడు. ఎముక తీసేస్తే 80, 90 కిలోలు రావచ్చన్నాను. కాసేపు పడక్కుర్చీలో ఊగి, "రోడ్డు ఎంత దూరం? మోసేదెవరు?" అన్నాడు. ఇప్పుడు దానికి మనుషుల్ని వెతుక్కోవాలి.