పునరావృతం లేని అల్లికలో బర్గర్స్ వెక్టార్‌ను ఎలా లెక్కించాలి?

ప్రశ్న (తార్నాక, హైదరాబాద్):
మామూలు స్ఫటికంలో డిస్లొకేషన్ (పరమాణు వరుస మధ్యలో తెగిపోయే లోపం) చుట్టూ తిరిగి వచ్చినప్పుడు మిగిలే ఎడమే బర్గర్స్ వెక్టార్ అనీ, అది లాటిస్ (పరమాణువుల పునరావృత అమరిక) దూరాల్లో ఒకటవుతుందనీ చదువుకున్నాను. 1982లో షెక్ట్‌మన్ అల్యూమినియం-మాంగనీస్ మిశ్రమంలో గుర్తించిన క్వాసీక్రిస్టల్‌లో పునరావృతమయ్యే దూరమే లేదు కదా, మరి ఆ ఎడాన్ని దేనితో పోల్చాలి? నిన్న హాస్టల్ గదిలో అట్టతో కోసిన పెన్‌రోజ్ రాంబస్‌లు (పునరావృతం లేకుండా తలాన్ని నింపే రెండు రకాల పలకలు; ఒకే రకం బాణాలున్న అంచులే కలవాలన్నది వాటి నియమం) పరిచి, ఒక వరుసను సగం వరకు తీసేసి అంచులను దగ్గరికి జరిపాను. అంచులు చక్కగా కలిశాయి కానీ, ఒంటి బాణం గీసిన అంచుకు ప్రతిచోటా జంట బాణం అంచే ఎదురైంది. తప్పు నా కత్తెరదా?

జవాబు 1:
కత్తెరది కాదండీ. ఆ అల్లికలో అంచులు ఐదు దిశల్లోనే ఉంటాయి కనుక, మూసిన దారి వెంట నడుస్తూ దిశలవారీగా ముందుకు వేసిన అడుగులను కలిపి, వెనక్కి వేసినవాటిని తీసివేయండి. ఒక్క రాంబస్ చుట్టూ తిరిగితే ఐదూ సున్నాలే. రాంబస్‌లు ఖాళీ లేకుండా నిండిన ప్రాంతం ఎంత పెద్దదైనా అంతే. డిస్లొకేషన్‌ను చుట్టి వస్తే మిగిలే ఐదు పూర్ణాంకాలే బర్గర్స్ వెక్టార్. వాటిని ఉన్న దిశల మీదే వేస్తే ఫోనాన్ భాగం వస్తుంది, అది అల్లికను సాగదీస్తుంది. దిశల కోణాలను రెట్టింపు చేసి వేస్తే ఫేసాన్ భాగం వస్తుంది, అది పలకల క్రమాన్ని చెదరగొడుతుంది. మీకు మిగిలింది (1, 0, 0, 0, 0). ఆ ఐదు అంకెల మొత్తం ఐదుకు గుణిజం కాలేదు కనుక అది పాక్షిక డిస్లొకేషన్ మాత్రమే. పలకలను ఎంత తిప్పినా బాణాలు కలవని ఆ కోత మానదు. ఒక దిశలో సగం వరుస తీసి, పక్క దిశలో సగం వరుస చొప్పించి చూడండి.

జవాబు 2:
అట్టలతో ఆగిపోకండి. అల్యూమినియం-పల్లాడియం-మాంగనీస్ ఐకోసహెడ్రల్ (ఇరవై ముఖాల ఘనాకృతి సౌష్ఠవం ఉన్న) క్వాసీక్రిస్టల్ దశలో ఐదుకు బదులు ఆరు పూర్ణాంకాలు కావాలి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో వాటిని నిర్ణయించగలుగుతున్నారు. ఫేసాన్ భాగం సర్దుకోవాలంటే పరమాణువులు ఒక చోటు నుంచి మరో చోటుకు గెంతాలి, అందుకు వేడి కావాలి. చల్లగా ఉన్నప్పుడు కదిలే డిస్లొకేషన్ తన వెనుక చెదిరిన పొరను వదులుతూ పోవలసి వస్తుంది కనుకనే ఈ పదార్థం గది ఉష్ణోగ్రత వద్ద పింగాణీలా పగులుతుంది, 700 డిగ్రీల సెల్సియస్ దగ్గర మాత్రం లోహంలా వంగుతుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. పక్క దిశలో చొప్పించమన్నప్పుడు వచ్చే (1, -1, 0, 0, 0)కి లెక్క వేస్తే, అంచు పొడవు 1 అనుకున్నప్పుడు, ఫోనాన్ భాగం 1.18, ఫేసాన్ భాగం 1.90 వచ్చాయి. (1, 0, -1, 0, 0)కి ఆ రెండు అంకెలే తారుమారయ్యాయి. అంటే ఒకటి తగ్గితే రెండోది పెరుగుతోంది. రెండో వెక్టార్‌ను పరిచి చూడడానికి ఇంకో అట్టపెట్టె వెతకాలి.