తుఫానులో సెల్ టవర్ ఎంతసేపు నిలవాలో ప్రభుత్వమే నిర్ణయించాలా?

సాగరతీరం, విశాఖపట్నం:

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు నగరంలో విద్యుత్ వ్యవస్థ ఒక్క పూటలో కుప్పకూలింది. టవర్లకు బ్యాటరీలు ఉన్నాయి, చాలాచోట్ల జనరేటర్లూ ఉన్నాయి. అయితే బ్యాటరీ కొన్ని గంటలకే అడుగంటింది, చెట్లూ స్తంభాలూ రోడ్లకు అడ్డంగా పడి ఉండటంతో డీజిల్ బండి కదలలేకపోయింది. జనరేటర్ ఉన్న దుకాణాల ముందు జనం బారులు తీరి ఫోన్లు చార్జింగ్ పెట్టుకున్నారు గాని, చార్జింగ్ నిండిన ఫోనులో సిగ్నల్ లేదు. తమ వాళ్ళు బతికి ఉన్నారో లేదో తెలియక ఊళ్ళకు ఊళ్ళు తల్లడిల్లాయి.

ఆ తర్వాత విశాఖలో విద్యుత్ తీగలను భూమిలోకి దించే పనిని ప్రపంచ బ్యాంకు సాయంతో చేపట్టారు. ఫోను విషయంలో అంత పట్టుదల నాకు కనిపించలేదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024లో తెచ్చిన సేవా ప్రమాణాల నిబంధనల ప్రకారం ఒక జిల్లాలో నెట్‌వర్క్ 24 గంటలకు మించి స్తంభిస్తే కంపెనీ వినియోగదారులకు నెల అద్దెలో తగ్గింపో, రీచార్జి చెల్లుబాటు పొడిగింపో ఇవ్వాలి. అంతరాయానికి కారణం ప్రకృతి వైపరీత్యమైతే మాత్రం మినహాయింపు ఉంది. నా అభ్యంతరమంతా ఈ మినహాయింపు మీదే. తూర్పు తీరంలో అక్టోబరు, నవంబరు నెలల్లో తుఫాను రావడం ఎవరూ ఊహించని విపత్తు కాదు. వాతావరణ శాఖ రోజుల ముందే దాని దారిని చెబుతోంది. అంత ముందుగా తెలిసిన ప్రమాదానికి సిద్ధపడకపోవడాన్ని దైవాధీనమని వదిలేయడం న్యాయం కాదు. తీరప్రాంత మండలాల్లో టవర్లు కరెంటు లేకుండా కనీసం ఇన్ని గంటలు పనిచేయాలని చట్టబద్ధమైన నియమం ఉండాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. మీ అభిప్రాయాలు తెలియజేయగలరు.

నాగావళి, శ్రీకాకుళం:

సాగరతీరం గారి ఆవేదనతో నాకు పేచీ లేదు, మార్గంతోనే ఉంది. నేను టవర్ల నిర్వహణలో చాలాకాలం పనిచేశాను. గంటల లెక్క చట్టంలో రాయడం సులభమే, టవర్ దగ్గర అది ఎలా ఉంటుందో చూడండి. ఒక బ్యాటరీ బ్యాంకులో రెండేసి వోల్టుల సెల్స్ 24 ఉంటాయి. వాటిలో ఒకటి రెండు బలహీనపడితే చాలు, బ్యాంకు మొత్తం తొందరగా దిగిపోతుంది. మన ఎండలకు ఆ సెల్స్ ఉబ్బి, కొత్తలో గంటల తరబడి నిలిచినది రెండు మూడు వేసవులు గడిచేసరికి అందులో సగం కూడా నిలవదు. రికార్డులో మాత్రం పాత అంకే ఉంటుంది. ఊరి చివర టవర్లలో బ్యాటరీలు దొంగలపాలవడం మరో బాధ. మేడల మీది టవర్లకైతే బరువు మోయడం దగ్గర నుంచి డీజిల్ నిల్వ దాకా అన్నీ ఇబ్బందులే, ఇంటి యజమాని ఒప్పుకోడు.

పైగా టవర్‌లో కరెంటు ఉన్నంతమాత్రాన ఫోను మోగదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. అలాంటి గాలిలో స్తంభాలతో పాటు వాటి మీదుగా లాగిన ఫైబర్, అంటే టవర్‌ను నెట్‌వర్క్‌తో కలిపే తీగ కూడా తెగుతుంది. అప్పుడు జనరేటర్ చక్కగా తిరుగుతున్నా ఆ టవర్ ఎవరితోనూ మాట్లాడలేదు. ఇక బాధ్యుడెవరు? టవర్ ఒక కంపెనీది, దాని మీది పరికరాలు మరో కంపెనీవి, డీజిల్ పోసేది గుత్తేదారు మనుషులు. జరిమానా వేస్తే ఒకరి మీద ఒకరు నెట్టుకుంటూ చివరికి జీతం కోత పడేది ఆ డీజిల్ పోసే కుర్రాడికే. కొత్త చట్టం కన్నా ముందు, తుఫాను వెలిసిన వెంటనే టవర్ సిబ్బందిని రోడ్ల మీద వదిలే పాసులు, ముఖ్యమైన టవర్లున్న ఫీడర్లకు (విద్యుత్ లైన్లకు) కరెంటు తొలుత ఇవ్వడం, ఈ రెండూ జరిగితే ఎంతో మేలు.

వశిష్ఠ, శాక్రమెంటో:

నేను ఉంటున్న కాలిఫోర్నియా అనుభవం ఇక్కడ పనికొస్తుందని రాస్తున్నాను. 2005లో కత్రినా హరికేన్ తర్వాత అమెరికాలో టెలికాం కంపెనీలను నియంత్రించే కమిషన్ (ఎఫ్‌సీసీ) ఒక నిపుణుల బృందాన్ని వేసి, దాని సిఫార్సుల మీద 2007లో ప్రతి సెల్ టవర్‌కూ 8 గంటల బ్యాకప్ తప్పనిసరి చేసింది. కంపెనీల సంఘం కోర్టుకెక్కింది. 2008 చివర్లో అధ్యక్షుడి బడ్జెట్ కార్యాలయం ఆమోదం నిరాకరించడంతో అది అమలు కాకుండానే పోయింది. కంపెనీలే స్వచ్ఛందంగా చూసుకుంటాయన్న మాట మీద కాలం గడిచింది. 2017 సెప్టెంబరులో మరియా హరికేన్ ప్యూర్టోరికోను తాకినప్పుడు అక్కడి సెల్ టవర్లలో 95 శాతానికి పైగా ఆగిపోయాయి. అంతటి గాలికి 8 గంటల బ్యాటరీ సరిపోయేదని నేను అనను. కానీ నియమం లేని ఆ పదేళ్ళలో ఎవరు ఏ మేరకు సిద్ధపడ్డారో అడిగే అధికారం కూడా గట్టిగా ఎవరికీ లేకపోయింది.

కాలిఫోర్నియాలో 2019 అక్టోబరులో కార్చిచ్చు భయంతో విద్యుత్ సంస్థలే ముందుజాగ్రత్తగా కరెంటు ఆపేశాయి. శాన్‌ఫ్రాన్సిస్కో పక్కనున్న మారిన్ కౌంటీలో సగానికి మించి టవర్లు పనిచేయలేదు. ఇల్లు ఖాళీ చేయమన్న హెచ్చరిక రావలసింది కూడా ఆ ఫోనుకే. మరుసటి ఏడాది జులైలో రాష్ట్ర నియంత్రణ సంస్థ అగ్నిప్రమాదం ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో 72 గంటలపాటు కనీస సేవ ఆగకూడదని ఆదేశించింది. నాగావళి గారు గమనించవలసింది ఏమిటంటే, ఆ ఆదేశం ప్రతి టవర్‌కూ డ్రమ్ముల కొద్దీ డీజిల్ పెట్టమనలేదు. అత్యవసర నంబరుకు కాల్ వెళ్ళాలి, హెచ్చరికలు అందాలి, అది ఎలా సాధిస్తారో ప్రణాళిక ఇమ్మంది.

సాగరతీరం, విశాఖపట్నం:

వశిష్ఠ గారు చెప్పిన తేడాయే అసలు కీలకం. ప్రతి టవర్ నిలవాలని పట్టుబట్టడం నా ఉద్దేశం కాదు, ప్రతి ఊరికీ ఒక గొంతు మిగలాలి. నార్వే ఇదే దారి పట్టింది. అక్కడ టవర్లకు పట్టణాల్లో 2 గంటలు, పల్లెల్లో 4 గంటలు సాధారణ కనీస బ్యాకప్‌గా పెట్టి, దాని పైన పురపాలక కేంద్రాల్లో ఎంపిక చేసిన చోట్ల మాత్రం మూడు రోజులు నిలిచే ఏర్పాటును ప్రభుత్వ ఖర్చుతో చేస్తున్నారు. మన తీరంలో కూడా మండల కేంద్రం, తుఫాను ఆశ్రయ కేంద్రాలు, ఆసుపత్రులు ఉన్నచోట ఒక్కో టవర్‌ను ఎంచి, దానికి ఫైబర్ రెండు వేర్వేరు దారుల్లో లేదా ఫైబర్‌తో పాటు తీగ అవసరం లేని మైక్రోవేవ్ లింకు ఉండేలా చేయవచ్చు. తన కంపెనీ టవర్ ఆగినప్పుడు పక్క కంపెనీ టవర్‌తో ఫోను పనిచేసేలా చేసే ఇంట్రా సర్కిల్ రోమింగ్ మనకు కొత్త కాదు. టెలికాం శాఖ 2020 విపత్తు కార్యాచరణలోనూ దానికి చోటుంది. ఉత్తర్వు కోసం ఎదురుచూడకుండా, తుఫాను తీరం దాటడానికి ముందే అది దానంతటదే తెరుచుకోవాలి. అమెరికా కమిషన్ 2022లో విపత్తు వేళ కంపెనీల మధ్య రోమింగ్ ఒప్పందాలను తప్పనిసరి చేసింది కదా!

ఖర్చు ఎవరిదంటారా? కంపెనీలు సార్వత్రిక సేవ కోసం తమ సవరించిన స్థూల ఆదాయంలో 5 శాతం చెల్లిస్తున్నాయి. ఆ నిధిని 2023 టెలికాం చట్టం డిజిటల్ భారత్ నిధిగా మార్చింది. సిగ్నల్ లేని ఊరికి టవర్ వేయడం సేవ అయితే, ఉన్న టవర్ గాలివానలో ఆగకుండా చూడటం కూడా సేవే.

లంకపల్లె రైతు, కోనసీమ:

పెద్దలు చర్చిస్తున్న సాంకేతిక విషయాలు నాకు అంతగా తెలియవు. మా వైపు ముందురోజే అధికారులు వచ్చి గర్భిణులను, ముసలివాళ్ళను ఆశ్రయ కేంద్రానికి తరలిస్తున్నారు, అది మంచి పని. కానీ అర్ధరాత్రి ఒకరికి నొప్పులు మొదలైతే 108కి ఫోను కలవకపోతే ఏం చేయాలో ఎవరూ చెప్పరు. వాతావరణ హెచ్చరిక ఇప్పుడు పెద్ద శబ్దంతో ఫోనులోకి వస్తోంది. టవర్ ఆగితే అది కూడా రాదు. ఏట్లో నీరు పెరుగుతోందన్న కబురు మాకు గాలి తగ్గాకే ఎక్కువ అవసరం.

నాగావళి, శ్రీకాకుళం:

ఎంపిక చేసిన టవర్లంటే నాకు అభ్యంతరం తగ్గుతుంది. జపాన్‌లో 2011 సునామీ తర్వాత డొకొమో అనే మొబైల్ సంస్థ దేశమంతటా వంద పైచిలుకు పెద్ద పరిధి స్టేషన్లను ఇదే ఆలోచనతో కట్టింది. అలాంటి స్టేషన్ ఒక్కటే సుమారు 7 కిలోమీటర్ల వ్యాసార్ధానికి సిగ్నల్ ఇవ్వగలదు. 2018లో హొక్కాయిదో భూకంపంతో కరెంటు పోయినప్పుడు అక్కడి కుషిరో నగరంలో దాన్ని నిజంగానే వాడారు.

అయినా జరిమానా విషయంలో నా మాట మారదు. గాలికి టవర్ విరిగిపడితే ఏ కంపెనీనీ శిక్షించలేం. మీరు మినహాయింపును మొత్తంగా ఎత్తేయమంటే కోర్టులో నిలవదు. దానికి బదులు సెప్టెంబరులోనే పరీక్ష పెట్టండి. తహసీల్దారు కార్యాలయం మనిషి సమక్షంలో మెయిన్ ఆపేసి టవర్‌ను బ్యాటరీ మీద వదలాలి, అది ఆగేదాకా అక్కడే కూర్చోవాలి, ఆగిన సమయం రాసి కార్యాలయం గోడకు అంటించాలి. కాగితం మీద ఉన్న గంటలకూ నిజంగా నిలిచిన గంటలకూ ఎంత తేడా ఉందో ఊరందరికీ తెలుస్తుంది.

సాగరతీరం, విశాఖపట్నం:

ఆ పరీక్షను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను, దానికి ఒక షరతు జోడిస్తాను. పరీక్షలో నెగ్గిన టవర్‌కే ప్రకృతి వైపరీత్యపు మినహాయింపు వర్తించాలి. సెప్టెంబరులో ఎండలోనే నిలవని టవర్, అక్టోబరులో ఆగినప్పుడు తుఫానును సాకుగా చూపకూడదు. అలాగే విపత్తు నడుస్తున్న రోజుల్లో మండలాలవారీగా ఎన్ని టవర్లు ఆగాయో రోజూ బహిరంగంగా ప్రకటించాలి. ప్యూర్టోరికో 95 శాతం సంగతి ఈ రోజు మనం ఇక్కడ మాట్లాడుకోగలుగుతున్నామంటే, అక్కడి కమిషన్ ఆ లెక్కను ఏ రోజుకారోజు ప్రచురించడం వల్లనే.

నాగావళి, శ్రీకాకుళం:

ఒప్పుకుంటాను. అయితే నియమం రాసేటప్పుడు ఒక వాక్యం మరవకండి. గంటల లెక్క తప్పకూడదన్న భయంతో గాలి ఇంకా తగ్గకముందే డీజిల్ క్యాన్ బండికి కట్టుకుని వెళ్ళమని కుర్రాళ్ళ మీద ఒత్తిడి వస్తుంది. ఆ ఒత్తిడి ఎలా ఉంటుందో నాకు తెలుసు. జిల్లా యంత్రాంగం బయటికి వెళ్ళవచ్చని ప్రకటించేదాకా ఏ కార్మికుణ్ణీ టవర్ దగ్గరికి పంపకూడదని, ఆ గంటలను కంపెనీ లెక్కలోంచి తీసేయాలని స్పష్టంగా ఉండాలి. ట్యాంకు నింపవలసింది హెచ్చరిక వచ్చిన రోజునే.